అయిదో గీత చెల్లదు

మంత్రిగారు విదేశ పర్యటనకు వెళ్లి ఒక సింఫనీ కచేరీలో రెండు గంటలు కూర్చోకపోయి ఉంటే, నర్సాపురంలో నతానియేలు మాస్టారి ట్రంకుపెట్టె జోలికి ఎవరూ పోయేవారు కాదు. మొదటి పావుగంటలోనే మంత్రిగారికి నిద్ర పట్టింది. చప్పట్లు మోగితే మెలకువ వచ్చింది. ఎందుకీ చప్పట్లని పక్కనున్న దొరను అడిగితే, "నూరేళ్లుగా దీన్ని తప్పుడు ముద్రణ చూసి వాయిస్తున్నారండి. ఇవాళే మొదటిసారి స్వరకర్త రాసిన మూలప్రతిని బట్టి వాయించారు" అన్నాడాయన. సింఫనీ అంటే నలభైమంది కలిసి నాలుగు భాగాలుగా వాయించే పెద్ద రచన అని మంత్రిగారికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మూలప్రతి అన్న మాట మాత్రం చెవిలో పడింది. విమానం దిగీదిగగానే, మన రాష్ట్రానికీ ఒక మూలప్రతి ఉండి తీరాలన్నారు.

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? మూడు నెలలు తిరక్కుండా విజయవాడలో రాష్ట్ర సింఫనీ మూలపాఠ పరిరక్షణ మండలి వెలిసింది. భవనం వచ్చింది, బోర్డు వచ్చింది, రెండు కార్లు వచ్చాయి, గుండ్రటి బల్లా దాని చుట్టూ పద్నాలుగు కుర్చీలూ వచ్చాయి. రానిదల్లా సింఫనీ ఒక్కటే.

డైరెక్టరుగా నీలకంఠం గారిని వేశారు. అంతకుముందు ఆయన తాళపత్రాల గ్రంథాలయంలో పనిచేశారు. అక్కడ ఏడువందల పద్యాల కావ్యాన్ని పరిష్కరించి, అందులో ఆరువందల అరవై పద్యాలు ప్రక్షిప్తాలని, అంటే ఎవరో తరవాత చొప్పించినవని తేల్చి, మిగిలిన నలభై పద్యాలనూ అచ్చువేయించిన ఘనులు. ఆ ఆరువందల అరవైతో పాటు కథానాయిక కూడా పోయింది. సంగీతం వారికి బొత్తిగా రాదు. "రాదు కనకనే నాకు పక్షపాతం ఉండదు" అని మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు.

మండలిలో సంగీతం వచ్చిన ఉద్యోగి సుగుణరావు ఒక్కడే. అతని హోదా నకలుదారు. పెద్ద ప్రతి చూసి ఏ వాయిద్యం వాళ్ల స్వరాలు వాళ్లకు విడివిడిగా రాసి ఇవ్వడం అతని పని. రాయడానికి ఏమీ లేక ఆర్నెల్లు పెన్సిళ్లు చెక్కాడు. ఒకనాటి సమావేశంలో డైరెక్టరు గారు "మన రాష్ట్రంలో సింఫనీ రాసినవారు అసలెవరైనా ఉన్నారా?" అని విసుక్కుంటే, సుగుణరావు నోరు జారాడు. చిన్నప్పుడు తనకు వయొలిన్ నేర్పిన నతానియేలు మాస్టారు ఒకటి రాశారనీ, ఇంట్లో పెట్టెలో ఉందనీ చెప్పేశాడు. ఆ తరవాత ఆ మాట అన్నందుకు అతను తన నాలుకను తిట్టుకోని రోజు లేదు.

మాస్టారికి ఎనభయ్యారేళ్లు. మిషన్ హైస్కూల్లో సంగీతం చెప్పి, చర్చిలో ముప్పైయేళ్లు ఆర్గన్ వాయించి, రిటైరై నర్సాపురంలోనే ఉన్నారు. సుగుణరావు వెళ్లేసరికి వరండాలో కూర్చుని హార్మోనియం గాలితిత్తికి గుడ్డముక్క అంటిస్తున్నారు.

"ఏరా సుగుణం, గవర్నమెంటోళ్లు సింఫనీ వాయిస్తారంటావా?"

"ఆయ్. నలభైమందిని తీసుకున్నారండి. పోలీసు బ్యాండు నుంచి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ నుంచి, చర్చి క్వయర్ల నుంచి. మీదొక్కటే తక్కువండి."

మాస్టారు ట్రంకుపెట్టె తీశారు. నలభై రెండేళ్ల కిందట రాసిన చిత్తుప్రతి అడుగున ఉంది. అప్పట్లో ఊళ్లో సంగీతం కాగితం దొరక్క, పిల్లలు ఇంగ్లీషు దస్తూరీ దిద్దుకునే నాలుగు గీతల కాపీ పుస్తకాలు కొనుక్కొచ్చి, ప్రతి వరసకూ పైన స్కేలుతో అయిదో గీత తనే గీసుకుని రాశారు. దానిమీద శుద్ధప్రతి ఉంది. మద్రాసు నుంచి అసలైన కాగితం తెప్పించి, తప్పులు దిద్ది, అయిదేళ్ల తరవాత తీరిగ్గా రాసుకున్నది.

"మా ఆవిడకి, రూతుకి, హార్మోనియం మీద వినిపించేవాణ్ణిరా. అన్ని వాయిద్యాలతో వింటే ఎలాగుంటాదో అనేది. వినకుండానే ఎళ్లిపోయింది. రెండో భాగం దానికోసం రాసిందే. నేను కూడా వినకుండా ఎళితే అక్కడ దానికి ఏం చెప్పనురా?" అని రెండు ప్రతులూ సుగుణరావు చేతుల్లో పెట్టారు. "ఒక్కసారి వినిపించు. చాలు."

వినిపిస్తానని సుగుణరావు మాటిచ్చాడు. మాస్టారు ఒప్పందం మీద సంతకం చేశారు. సదరు రచనను మండలి అనుమతి లేకుండా రచయితతో సహా ఎవ్వరూ, ఎచ్చటనూ, ఏ వాయిద్యము మీదనూ వాయించరాదని అందులో పదకొండో షరతు. మాస్టారి చూపుకి అంత చిన్న అక్షరాలు ఆనలేదు. ఆ రోజు నుంచీ ఆయన తన సింఫనీని తన ఇంట్లో తన హార్మోనియం మీద వాయించుకోవడం కూడా నేరమైపోయింది.

ప్రతులు బల్లమీదికి వచ్చిన మొదటి రోజే శుద్ధప్రతి ఎగిరిపోయింది.

"దీనిలో దిద్దుబాట్లున్నవి" అన్నారు నీలకంఠం గారు రెండు వేళ్లతో దాన్ని పక్కకు నెడుతూ. "దిద్దుబాటనగా మార్పు. మార్పనగా మూలము నుండి దూరము జరుగుట. మూలప్రతియందు ఉన్నది ఉన్నట్లు వాయింపవలెను, లేనిది వాయింపరాదు. ఇదియే మండలి మూలసూత్రము." సభ్యులంతా బల్ల చరిచారు. శుద్ధప్రతి బీరువాలోకి వెళ్లింది, చిత్తుప్రతి బల్లమీదికి వచ్చింది.

చిత్తుప్రతిని పరీక్షించింది కాగితాలు, సిరాల నిపుణురాలు ప్రొఫెసర్ అంబుజాక్షి గారు. ఆవిడ భూతద్దం పట్టుకుని నెలన్నర కూర్చుని ఒక సంచలనం కనిపెట్టారు.

"అచ్చయిన గీతలు నాలుగు. ఎరుపు, నీలం, నీలం, ఎరుపు. అయిదవ గీత నల్లసిరాతో, చేతితో, అచ్చు పూర్తయిన తరవాత గీయబడినది. కావున అయిదవ గీత నిస్సందేహంగా ప్రక్షిప్తం."

సుగుణరావు లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఆ గీత మాస్టారే గీసుకున్నారండి. సంగీతానికి అయిదు గీతలే ఉంటాయండి, ప్రపంచమంతా."

"ప్రపంచము మండలి పరిధిలోనికి రాదు" అన్నారు నీలకంఠం గారు.

అలా అయిదో గీత చెల్లకుండా పోయింది. గీతే చెల్లనప్పుడు దానిమీదా, దాని పైనా కూర్చున్న స్వరాలు మాత్రం ఎలా చెల్లుతాయి? వాటినీ కొట్టేశారు. వయొలిన్లకు సగం పాట పోయింది. ఫ్లూటు వాయించే ఎస్తేరుకు నాలుగు భాగాలూ కలిపి ఆరు స్వరాలు మిగిలాయి. "ఆరేంటండీ, ఇంతోటి దానికి నేను గుంటూరు నుంచి రావాలా?" అని ఆ పిల్ల సుగుణరావును నిలదీసింది. అతను తల వంచుకుని ఆ ఆరూ రాసిచ్చాడు.

మొదటి భాగంలో, నిలువు గీతలతో విడదీసిన గడుల్లో పదిహేడో దానిలో ఇంకో చిక్కొచ్చింది. అక్కడ ట్రంపెట్టుకు ఒక విడి స్వరం ఉంది. ముందు వెనకలతో దానికి పొత్తు లేదు, వాయిస్తే చెవి గిలగిల్లాడింది. సుగుణరావు బతిమాలగా బతిమాలగా, రచయితను విచారించడానికి మండలి ఒప్పుకుంది. మాస్టారు రైలెక్కి వచ్చారు. బల్లకు ఇటువైపు ఒక కుర్చీ వేశారు. ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇది స్వరం కాదండి. దోమ."

ఆయన ఆ మచ్చను వేలితో చూపించారు.

"నర్సాపురం దోమలండి బాబూ. రాత్తూ ఉంటే కుట్టిందని ఒక్కటేసుంటాను. అంటుకుపోయింది."

అంబుజాక్షి గారు చిరునవ్వు నవ్వి ప్రయోగశాల నివేదిక తీశారు. సదరు గుర్తు సిరా కాదు, రక్తం. అదీ మానవరక్తం. ఆఫీసు నుంచి ఒక గుమస్తా వచ్చి మాస్టారి వేలు పొడిచి చుక్క పట్టుకెళ్లాడు. గంటలో కబురొచ్చింది, గ్రూపు కలిసిందని.

నీలకంఠం గారు లేచి నిలబడ్డారు. "సభ్యులారా! సిరాతో రాసినవారిని చూచితిమి. స్వరకర్త తన రక్తముతో లిఖించిన స్వరమును నేడు చూచుచున్నాము. ఇది ఈ రచనకే ప్రాణస్వరము."

"అయ్యా, దోమండీ అది" అన్నారు మాస్టారు మళ్లీ.

"తమరు చెప్పుచున్నది నోటిమాట" అన్నారు నీలకంఠం గారు మర్యాదగానే. "నోటిమాట ఆధారము కాజాలదు. పత్రమున ఏమున్నదో అదే ఆధారము."

మాస్టారిని సుగుణరావే వెళ్లి రైలెక్కించాడు. రైలు కదులుతుండగా మాస్టారు కిటికీలోంచి అన్నారు, "పోన్లేరా, ఒక దోమేగా. రెండో భాగం బాగుంటే చాలు."

రెండో భాగం మీద మండలి దృష్టి మరుసటి వారమే పడింది. సరిగ్గా పాట మంచి పట్టులో ఉన్నచోట, పుట అంచున మాస్టారి చేతిరాత ఉంది. 'ఆగు. పొయ్యి మీద పాలు.' రూతమ్మకు జ్వరం వచ్చి పడుకుంటే, చంటిపిల్లకు పాలు కాస్తూ మధ్యమధ్య రాసుకున్న రోజులవి. సుగుణరావుకు అది చూడగానే అర్థమైంది. మండలికి కూడా అర్థమైంది, వేరే విధంగా.

"మూలప్రతియందు ఉన్నది ఉన్నట్లు" అన్నారు నీలకంఠం గారు. "ఆగుమన్నాడు. ఆగవలెను. పొయ్యి మీద పాలు అన్నాడు. పొయ్యి మీద పాలు ఉండవలెను."

ఆ పాలు ఎన్ని, ఆవువా గేదెవా అన్నదాని మీద రెండు ఉపసంఘాలు వేశారు. పుట మీద ఒక మరక దొరికితే దాన్ని హైదరాబాదు పంపించారు. గేదె అని తేలి వచ్చింది. గ్యాసు పొయ్యి ఆ కాలానిది కాదని అభ్యంతరం రావడంతో, వత్తుల కిరసనాయిలు స్టవ్ కోసం జిల్లాలన్నిటికీ సర్క్యులర్లు వెళ్లాయి. దొరికిన స్టవ్‌తో మూడుసార్లు కాచి చూస్తే, అరలీటరు పాలు పొంగడానికి సగటున తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ నలభైమంది వాద్యకారులూ వాయిద్యాలు దించి కూర్చోవలెనని నిబంధన రాశారు. పాలు ఎవరు కాయాలి? వాద్యబృందంలో అలాంటి పోస్టు లేదు. కొత్త పోస్టు మంజూరయ్యేసరికి ఏడాది పట్టేలా ఉంది. అందుచేత ఆరు స్వరాలతో ఖాళీగా ఉన్న ఎస్తేరుకు ఆ పని అదనపు బాధ్యతగా అప్పగించారు.

"కన్సర్వేటరీలో నాలుగేళ్లు సంగీతం చదివానండి" అంది ఎస్తేరు ఉత్తర్వు పట్టుకుని. "మా అమ్మ వంట నేర్పిస్తానంటే వద్దని పారిపోయి చదివాను. చివరికి ఇదే చేయిస్తున్నారా?"

అచ్చుపని మిగిలింది. మండలి ప్రామాణిక ముద్రణ అట్టహాసంగా వెలువడింది. స్వరాలు తొంభై పుటలు, వాటికి వివరణలు ఆరువందల నలభై పుటలు. బైండింగు చేసేవాడు నాలుగో భాగంలో ఒక కాగితాన్ని తలకిందులుగా కుట్టాడు. సుగుణరావు అది చూపిస్తే, ప్రెస్సువాళ్లు తప్పు ఒప్పుకుని వారంలో సరిచేసిన రెండో ముద్రణ తెచ్చి ఇచ్చారు. నీలకంఠం గారు దాన్ని తాకను కూడా తాకలేదు.

"మొదటి ముద్రణ ఏది?"

"తలకిందులున్నదండి."

"మొదటిదే మూలము. రెండవ దానిని తగలబెట్టించండి. తన సూత్రమును తనకు వర్తింపజేసికొనని సంస్థ సంస్థ కాదు." పుస్తకం తిప్పి పట్టుకుని వాయించడం నిషేధమని అప్పటికప్పుడే ఉత్తర్వు వేశారు. బైటికొచ్చిన సుగుణరావుకు ఆ రోజు నిజంగా భయం వేసింది. ఆ మనిషిలో కపటం లేదు. లంచం పుచ్చుకునేవాడైతే ఏదో దారి ఉండేది.

కచేరీ ఆదివారం సాయంత్రం పెట్టారు. రెండువేలమంది పట్టే హాలు నిండింది. మంత్రిగారు మొదటి వరసలో ఉన్నారు. మూడో వరసలో మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చెయ్యి చెవి వెనక పెట్టుకుని, కాస్త ముందుకు వంగి కూర్చున్నారు. రెండో వయొలిన్ల వరసలో తనూ ఒకడిగా కూర్చున్న సుగుణరావుకు ఆయన బాగా కనిపిస్తున్నారు. ఎటైనా చూడాలనుకుంటే కళ్లు అటే పోతున్నాయి.

మొదటి భాగంలో ట్రంపెట్టు దోమను గట్టిగా ఊదింది. ముందే చెప్పి ఉంచారు కనక హాలు చప్పట్లు కొట్టింది. రెండో భాగం మొదలైంది. పాట మెల్లగా మెట్లెక్కుతూ వెళ్లి, పైకి చేరవలసిన ప్రతిచోటా చటుక్కున మాయమైపోయి, మళ్లీ కిందెక్కడో తేలింది. పళ్లూడిన మనిషి ఇష్టమైన మాట చెప్పబోతున్నట్టు ఉంది. మాస్టారి చెయ్యి చెవి మీంచి జారింది.

అప్పుడు అందరూ ఆగారు. ఎస్తేరు లేచి వెళ్లి స్టవ్ వెలిగించింది. హాలంతా కిరసనాయిలు వాసన. రెండువేలమంది ఊపిరి బిగపట్టి గిన్నె వంక చూశారు. తొమ్మిదో నిమిషంలో పాలు పొంగాయి. అంతే, గృహప్రవేశంలో లాగా జనం లేచి నిలబడ్డారు. ముసలమ్మలు దణ్ణాలు పెట్టారు. "ఇదీ మన సంస్కృతి! ఆ దేశంలో ఇది లేదు!" అని మంత్రిగారు కేక పెట్టారు. పాలు అందరికీ పంచుదామని ఎవరో గ్లాసులు తేబోతే, పంచమని మూలప్రతిలో లేదని నీలకంఠం గారు ఆపేశారు.

మిగిలిన రెండు భాగాలూ అయ్యాయి. తలకిందుల పుట దగ్గర నలభైమందీ పోట్లాడుకున్నట్టు వినిపించింది. ఆఖరున నీలకంఠం గారు మాస్టారిని వేదిక మీదికి పిలిపించి, శాలువా కప్పి, మైకు నోటి ముందు పెట్టారు. "మీ రచనను తొలిసారి విన్నారు. మీ అనుభూతి సెలవియ్యండి."

మాస్టారు హాలు వంక చూశారు. ఆయనకు కోపం రాలేదు. ఎప్పుడూ ఎవరినీ నొప్పించని మనిషి, అంతమంది పిల్లలు కష్టపడి వాయించారు కదా అని ఏదో మంచి మాట కోసం వెతుక్కున్నారు.

"బాగా వాయించారండి పిల్లలు" అన్నారు చివరికి. "ఎవరు రాశారండి ఇది?"

కొందరు నవ్వారు. నీలకంఠం గారు నవ్వలేదు. ఆయన మొహంలో, తాళపత్రంలో కొత్త పాఠం కనిపించినప్పటి వెలుగు వచ్చింది. నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది.

'పై విషయమై, రచయితగా ఇంతవరకు భావింపబడుచున్న శ్రీ నతానియేలు గారు, రెండువేలమంది సాక్షుల సమక్షమున, టేపు యంత్రము పనిచేయుచుండగా, సదరు రచన ఎవరిదని స్వయముగా ప్రశ్నించియున్నారు. తన రచనను తాను ఎరుగని రచయిత ఉండుట అసంభవము. కావున సదరు సింఫనీ అజ్ఞాతకర్తృకమని నిర్ధారించడమైనది. నిజకర్తను అన్వేషించుటకై డైరెక్టరు, నిపుణురాలు ఐరోపా పర్యటనకు బయలుదేరవలెను. సదరు నతానియేలు గారితో కుదుర్చుకొన్న ఒప్పందము రద్దు. వారు దాఖలు పరచిన శుద్ధప్రతి మండలికి సంబంధము లేని కాగితములుగా ఎంచి, శాలువా తిరిగి రాబట్టుకొని, వారికి వాపసు చేయవలెను.'

"నోటిమాట ఆధారం కాదన్నారు కదండీ" అన్నాడు సుగుణరావు ఆగలేక.

"టేపులో ఉన్నది నోటిమాట కాదయ్యా, దస్తావేజు" అన్నారు నీలకంఠం గారు పెట్టె సర్దుకుంటూ.

శుద్ధప్రతిని చంకలో పెట్టుకుని సుగుణరావు నర్సాపురం బండెక్కాడు. ఉత్తర్వు చదివి వినిపించాడు. మాస్టారు చివరిదాకా విని, శాలువా మడతపెట్టి అందించారు.

"అంటే నేను రాయలేదన్నమాట."

"అలాగే తేల్చారండి."

"ఒప్పందం పోయింది. మరి ఇప్పుడు దీన్ని వాయిస్తే అడిగేవాడెవడన్నా ఉన్నాడా?"

సుగుణరావు ఉత్తర్వును మళ్లీ ఒకసారి చూశాడు. "ఎవడూ లేడండి" అన్నాడు.

మరుసటి వారం శనివారం పొద్దున చర్చి హాలులో కుర్చీలు వేశారు. నలభైమందికి కబురు పెడితే ఇరవై ముగ్గురొచ్చారు. ఉద్యోగం పోతే పోయిందని ఎస్తేరు వచ్చింది. ట్రంపెట్టు అతను వచ్చి మాస్టారికి క్షమాపణ చెప్పుకున్నాడు. శుద్ధప్రతి చూసి సుగుణరావు వారం రోజులు సెలవు పెట్టి స్వరాలన్నీ రాసి ఉంచాడు. మొదటి భాగం సంగతి తరవాత చూద్దామన్నారు మాస్టారు. రెండో భాగమే ఎత్తుకున్నారు.

పాట మెట్లెక్కింది. ఎక్కడా మాయం కాలేదు. పైన ఫ్లూటు అందుకుంది, వయొలిన్లు దాని వెనకే వెళ్లాయి. మాస్టారు కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు. సుగుణరావు తన వరస తప్పి మళ్లీ అందుకున్నాడు. సగం దాటాక మాస్టారు చెయ్యెత్తారు. అందరూ ఆగారు.

"ఎస్తేరమ్మా, ఆ చివరి స్వరం ఒక అర మెట్టు దించమ్మా. హార్మోనియం మీద తెలియలేదు నాకు. నువ్వు వాయిస్తే తెలిసింది. అది కిందే ఉండాలి."

ఎస్తేరు దించి వాయించింది. హాలులో ఉన్నవాళ్లందరికీ, అవును, అది కిందే ఉండాలని తెలిసిపోయింది. సుగుణరావు పెన్సిలూ రబ్బరూ తీసుకుని లేచాడు. కాగితం మీదికి వంగి, మండలిలో రెండేళ్లు పనిచేసిన అలవాటు కొద్దీ ఆగి, "మాస్టారూ, ఈ మార్పుకి ఆధారం ఏమని రాయమంటారండీ?" అన్నాడు.

మాస్టారు అతని వంక వింతగా చూశారు.

"ఆధారమా? నేనింకా బతికే ఉన్నాను కదరా, సన్నాసీ!"

సుగుణరావు పాత స్వరం చెరిపేసి కొత్తది రాశాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.